గంగరాజు చూపించిన చోటు

నేల మీద గంగరాజుకు దారులు తెలియవు. పెందుర్తిలో ఉన్న కూతురింటికి వెళ్ళాలంటే సిటీ బస్సు దిగి నలుగురిని అడగాలి, చివరికి విసుగొచ్చి ఆటో ఎక్కాలి. అదే నీళ్ళ మీద వదిలిపెడితే, జాలారిపేట నుంచి ఎంత దూరం పోయినా, తన కింద ఇసక ఉందో రాయి ఉందో, ఎన్ని బారల లోతు ఉందో కూర్చున్న చోటి నుంచే చెబుతాడు. అందులో మంత్రమేమీ లేదు. ఒడ్డున ఉన్న కొండల్లో ముందుదీ వెనకదీ ఒక వరసలోకి రావాలి. ఇంకో వైపున మరో రెండు ఒక వరసలోకి రావాలి. ఆ రెండు వరసలూ కలిసేదే చోటు. డెబ్బై రెండేళ్ళ వయసులో, కళ్ళజోడు లేకుండా, ఇప్పటికీ జానెడు తేడా రానివ్వడు.

అంత గురుతు తెలిసిన మనిషి, ఒక ఆడమనిషిని ముప్ఫై ఏళ్ళకు పైగా, ఏటేటా, తెలిసి తెలిసి తప్పు చోటికి తీసుకెళ్ళాడు. చెప్పబోయేది ఆ సంగతే.

ఆవిడ పేరు గుల్జార్ బేగం. వన్‌టౌన్‌లో అత్తరు, అగరొత్తులు అమ్మే కుటుంబం. ఆవిడకొక అన్న ఉండేవాడు, పీర్ మహమ్మద్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల్లో వైర్‌లెస్ పని నేర్చుకోవడానికి చేరాడు. ఊరి మీద బాంబులు పడి అప్పటికి రెండేళ్ళు. 'ఈ నెలలో మన ఊరి మీదుగా వస్తాను, మేడెక్కి చూడు' అని చెల్లెలికి ఉత్తరం రాశాడు. పదేళ్ళ పిల్ల వారం రోజులు మేడ దిగలేదు. కనిపించిన ప్రతి విమానానికీ దుపట్టా ఊపింది. ఆ వారంలోనే, ఫిబ్రవరిలో, ఒక ఉదయం శిక్షణ విమానం ఒకటి సముద్రం మీద తిరుగుతూ తిరుగుతూ నీళ్ళలో కూలింది. నేర్పించే దొర ఒకడు, నేర్చుకునే కుర్రాళ్ళు ముగ్గురు. ఒక్కరూ దొరకలేదు. తాను చెయ్యి ఊపిన విమానాల్లో అన్న ఉన్నది ఏదో గుల్జార్ బేగానికి ఎప్పటికీ తెలియలేదు.

ఆ కూలడం కళ్ళారా చూసిన మనిషి ఒకడున్నాడు. గంగరాజు తండ్రి పోలిరాజు. తెప్ప మీద ఒంటరిగా ఉన్నాడు. విమానం పడింది, నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచాయి, మంట లేచింది. పోలిరాజు తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు గానీ నూనె తప్ప ఏమీ తేలలేదు. అయితే ఆ మంట ఆరకముందే ఆయన తల తిప్పి కొండలు చూసుకున్నాడు. డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి దర్గా కొండ గుమ్మటం తొంగి చూస్తోంది, దాని వెనక సింహాచలం కొండ. రెండో వైపు గురుతూ పట్టుకున్నాడు. బరువైనదేదో అడుగున పడితే ఏడాది తిరిగేసరికి నాచు పడుతుంది, గుల్లలు పడతాయి, చేపలు చేరతాయి. తర్వాత్తర్వాత ఈ ముక్క ఆయన గొప్పగా చెప్పుకునేవాడు, తన కన్ను ఎంత చురుకో అని.

ఆయన లెక్క తప్పలేదు. రెండేళ్ళకే ఆ విమానం గుల్లలు పట్టి బండలా తయారైంది, దాని చుట్టూ వంజరం చేపలు ముసిరాయి. సరిగ్గా అప్పుడే పీర్ మహమ్మద్ తండ్రి ఒడ్డుకు వచ్చి, నా కొడుకు పోయిన చోటు చూపించు నాయనా, ఒక్కసారి ఫాతెహా చదువుకుని వస్తాను అని అడిగాడు. పోలిరాజు కాదనలేదు. పక్క పేట వాళ్ళ పెద్ద పడవ మాట్లాడి ఆయన్ను ఎక్కించుకున్నాడు. పడవలో అయిదుగురు తెడ్డు వేసేవాళ్ళు, అయిదుగురికీ కళ్ళున్నాయి. వాళ్ళను ఆ చోటికి తీసుకెళితే మర్నాటికి ఒడ్డంతా అక్కడే వలలు వేస్తుంది. అందుకని మైలున్నర ఉత్తరంగా, అడుగున ఇసక తప్ప మరేమీ లేని చోట పడవ ఆపించి, 'ఇక్కడే బాబూ' అన్నాడు. ఆ తండ్రి అక్కడే చేతులెత్తి ఏడ్చాడు.

గంగరాజుకు పదిహేనో ఏట ఈ సంగతి తెలిసింది. చోటు గురుతులు ఒడ్డు మీద చెప్పరు, నీళ్ళ మీదే చెబుతారు, కొడుక్కే చెబుతారు. తండ్రి రెండు చోట్లు చూపించాడు.

"ఇది మనది. అదిగో, ఆ ఎగదాల, ఉత్తరం ఏపు ఉన్నది ఆళ్ళది. ఆళ్ళొచ్చి అడిగితే అక్కడికే తీస్కెల్లు."

"తప్పు కాదేటి అయ్యా?"

"ఏటి తప్పు? సముద్రమంతా ఒకటే నీరు. దణ్ణం ఎక్కడెట్టుకుంటే ఏటి?"

ఎవడైనా పొరపాటున తన చోట వల వేసినప్పుడు మాత్రం పోలిరాజుకు ఈ ఒకటే నీరు గుర్తొచ్చేది కాదు. తెడ్డు తిరగేసి పట్టుకునేవాడు.

తండ్రి పోయాక పడవా గంగరాజుకే వచ్చింది, గుల్జార్ బేగమూ గంగరాజుకే వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో, సముద్రం నెమ్మదిగా ఉండే రోజు చూసుకుని వచ్చేది. బురఖా కొంగు నడుముకు బిగించి, పడవ మధ్యలో రెండు చేతులా చెక్క పట్టుకుని కూర్చునేది. కడుపులో తిప్పేది పాపం, అయినా కిక్కురుమనేది కాదు. అరిటాకులో రోజా రేకులు, వేలెడంత అత్తరు సీసా. గంగరాజు ఇంజిను ఆపి 'ఇక్కడేనమ్మా' అనేవాడు. ఆవిడ రేకులు చల్లి, చదవాల్సింది చదివి, ఆ తర్వాత అన్నగారితో కబుర్లు చెప్పేది. నాన్న పోయారు భాయ్. కొట్టు చిన్నదైంది భాయ్. మనవరాలు షబ్నం పుట్టింది, నీ ముక్కే వచ్చింది.

ఆ కాసేపూ గంగరాజు ఆవిడకు వీపు పెట్టి దక్షిణం వైపు చూస్తూ కూర్చునేవాడు. అక్కడ, మైలున్నర అవతల, ఆవిడ అన్న. ఇక్కడ ఆవిడ మాటలన్నీ ఇసక మీద పడుతున్నాయి. సిగ్గుతో చెవులు కాలిపోయేవి.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ ఏటా ఒకే మాట అనేది. "గంగరాజూ, నువ్వు లేకపోతే మా అన్నయ్యకు చిరునామా లేదయ్యా."

ఆ మాట వినలేక, ఒడ్డు చేరగానే పొద్దున పట్టిన వంజరాల్లో మంచిది ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టేవాడు. అదెక్కడ పట్టిందో చెప్పక్కర్లేదు కదా. ఆవిడ రెండు చేతులా అందుకుని 'అల్లా నిన్ను చల్లగా చూడాలి' అనేది. ఆ దీవెన తీసుకుని ఇంటికొచ్చి, గంగరాజు ఆ రోజు అన్నం దగ్గర చిరాకు పడేవాడు. భార్య ఈశ్వరి ఎందుకని అడిగేది కాదు. ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పేశాడు.

ఒక ఏడాది మనసు పీకి, పడవ మొహం దక్షిణానికి తిప్పాడు కూడా. "ఇటెందుకు గంగరాజూ?" అని అడిగిందావిడ, అనుమానంతో కాదు, ఊరికే. "నీటి పోటు బాగోనేదమ్మా" అని మళ్ళీ ఉత్తరానికి తిప్పేశాడు. పొట్టకూటికి దాచానని చెప్పుకోవచ్చు. ఇద్దరు పిల్లల చదువులు, కూతురి కాపురం, అన్నీ ఆ బండ దగ్గరి చేపలే. కాదనను. కానీ తర్వాత జరిగినదానికి ఆ సాకూ లేదు.

తర్వాత జీపీఎస్ వచ్చింది. చేపల గుంపుల్ని తెర మీద చూపించే యంత్రాలొచ్చాయి. ఏ మరపడవ వాడో ఆ బండను పట్టేశాడు. నెల తిరక్కుండా ఆ నంబర్లు ఫిషింగ్ హార్బర్‌లో టీ తాగే ప్రతివాడి ఫోనులోనూ ఉన్నాయి. పోలిరాజు మంటలో చూసుకున్న గురుతు, గంగరాజు నలభై ఏళ్ళు నోరు మూసుకుని కాపాడిన గురుతు, ఊరందరిదీ అయిపోయింది. దాచిన సంగతి తప్ప, దాచడానికిక ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత కూడా గుల్జార్ బేగం రెండేళ్ళు వచ్చింది. ఆ రెండేళ్ళూ గంగరాజు ఆవిడను ఇసక మీదకే తీసుకెళ్ళాడు. ఇప్పుడు మాటెత్తితే ఇన్నాళ్ళదీ చెప్పాలి, ఆ దమ్ము లేకపోయింది. తర్వాత ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి. కరోనాకు ముందు ఏడాది పోయింది. గంగరాజు చివరి చూపుకు వెళ్ళాడు గానీ సందు మొగలోనే నిలబడి, జనాజా కదిలేలోపే వచ్చేశాడు.

ఇన్నేళ్ళకు, మొన్న ఫిబ్రవరిలో, ఆవిడ మనవరాలు షబ్నం జాలారిపేటకు వచ్చింది. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో యంత్రాల బొమ్మలు కంప్యూటర్ మీద గీసే ఉద్యోగం. దాదీ, అంటే నాయనమ్మ, పోయినప్పటి నుంచి ఆ విమానం వివరాల కోసం విదేశాలకు ఉత్తరం మీద ఉత్తరం రాసిందట. చివరికి మూడు పేజీల కాగితం దొరికింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"తాతా, పీర్ దాదా కాగితం దొరికింది! నలుగురి పేర్లూ ఉన్నాయి. ఎక్కడ పడిందో కూడా రాశారు, ఓడరేవు నుంచి ఎటు వైపు ఎన్ని మైళ్ళో."

గంగరాజు మంచం మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"దాన్ని ఫోనులో పెట్టి చూశాను. చివరిసారి దాదీతో వచ్చినప్పుడు మా అన్న జావేద్ మీరు చూపించిన చోటు ఫోనులో గుర్తు పెట్టుకున్నాడు కదా. రెండింటికీ మైలున్నర తేడా వస్తోంది."

"మైలున్నర," అన్నాడు గంగరాజు.

"అవును. కంగారులో ఆఫీసర్లు తప్పు రాసుంటారు తాతా. మీ నాన్నగారు కళ్ళతో చూశారు, వాళ్ళు చూడలేదు కదా. మిగతా ముగ్గురి ఇళ్ళవాళ్ళూ దొరికారు. వాళ్ళందరికీ రాసి పంపిస్తున్నాను, కాగితం తప్పు, గంగరాజు తాత చూపించిన చోటే నిజం అని. మీ పేరు పెడతాను. రేపు ఒకసారి తీసుకెళ్తారా, ఫొటో తీసుకుంటాను?"

ఈశ్వరి ఇచ్చిన టీ గంగరాజు చేతిలో చల్లారిపోయింది. నిజం రాసిన కాగితాన్ని అబద్ధం చేసి, తన అబద్ధాన్ని ముక్కూమొహం తెలియని మూడు ఇళ్ళకు పంపుతానంటోంది ఈ పిల్ల. అదీ గౌరవంతో.

"రేపు పొద్దున రండమ్మా," అన్నాడు.

ఆ పిల్ల సందు దాటాక ఈశ్వరి గుమ్మంలోకి వచ్చింది. "సెప్పకుండా పంపీసినావు."

"ఏ మొకమెట్టుకుని సెప్పీది?"

"ఉన్న మొకమే ఎట్టుకుని సెప్పు. నీ అయ్య సేసినాడు, నువ్వు మోసినావు. ఇప్పుడు ఆ పిల్ల సేత కూడా మోయిత్తావేటి?"

మర్నాడు పొద్దున షబ్నం, జావేద్ ఇద్దరూ వచ్చారు. అరిటాకులో రోజా రేకులు, అదే వేలెడంత సీసా. గంగరాజు ఒక్కడే పడవ నడిపాడు. దక్షిణానికి వెళ్ళాలనే బయలుదేరాడు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ చుక్కాని ఉత్తరానికి తిప్పింది, చూసుకునేసరికి ఇసక మీద ఉన్నాడు. ఇంజిను ఆపాడు. షబ్నం అరిటాకు విప్పింది.

"ఉండమ్మా. పూలు ఎయ్యకు."

ఇద్దరూ ఆయన వైపు చూశారు.

"ఇక్కడ ఏటీ నేదు. ఉత్త ఇసక. ఆ కాయితం రైటే. మీ పీర్ దాదా ఉన్నది దచ్చినంగా, ఆ డాల్ఫిన్ నోస్ పక్కకి."

షబ్నానికి కాసేపు అర్థం కాలేదు. తర్వాత అరిటాకు మెల్లగా మూసింది. "దాదీకి తెలుసా?"

"నేదమ్మా."

"మీకు?"

"నాకు పదిహేనో ఏటి నుంచి తెలుసు."

"మరి ఎందుకు తాతా?"

తండ్రిని అడ్డం పెట్టుకోవచ్చు. పిల్లల చదువులు చెప్పొచ్చు. రాత్రంతా అవన్నీ వరసగా పేర్చుకున్నవాడే, తీరా అడిగేసరికి ఒక్కటీ నోటికి రాలేదు.

"సేపల కోసం," అన్నాడు.

జావేద్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. షబ్నం మూసిన అరిటాకు ఒళ్ళో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది గంగరాజుకు. ఇంజిను తిప్పి దక్షిణానికి మళ్ళించాడు.

బండ మీద అప్పటికే మూడు పడవలున్నాయి. వరసకు బావ అయ్యే సాయిశంకర్ వల దింపుతూ ఇటు చూసి నవ్వాడు. "ఏటి బావా, ఈ ఏలప్పుడు నువ్వు కూడా ఇటే? జీపీఎస్ కొన్నావేటి?"

"ఈళ్ళ దాదీ అన్న ఇక్కడే పోయినాడు రా, ఇమానంలో," అన్నాడు గంగరాజు. "పూలు ఏత్తారంట."

సాయిశంకర్ నవ్వు ఆగిపోయింది. "ఇక్కడ మనుసులున్నారేటి? మాకెవుడూ సెప్పనేదే!" అని తలపాగా తీసి, మిగతా రెండు పడవలకూ కేకేశాడు. సగం దింపిన వల సగంలోనే పైకి లాగారు. అయిదు నిమిషాల్లో మూడు పడవలూ దూరం జరిగి, ఇంజిన్లు ఆపి, అటు తిరిగి నిలబడ్డాయి. ఎవరూ వాళ్ళను బతిమాలలేదు. ఒక్క మాట చెబితే చాలింది. తండ్రీ కొడుకులు కలిసి డెబ్బై ఏళ్ళు ఇవ్వలేనిది వాళ్ళు అయిదు నిమిషాల్లో ఇచ్చేశారు. గంగరాజు పడవ అడుగున చెక్కల వైపు చూస్తూ ఉండిపోయాడు. జీవితంలో అంత చిన్నబోయిన రోజు ఆయనకు లేదు.

షబ్నం రేకులు చల్లింది. అన్నాచెల్లెళ్ళు చేతులెత్తి చదివారు. అత్తరు వాసన కాసేపు నీళ్ళ మీద నిలిచింది. దర్గా గుమ్మటం, దాని వెనక సింహాచలం కొండ, తండ్రి చూపించిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

తిరిగి వస్తుంటే గంగరాజు ఆపుకోలేకపోయాడు. "ఏటేటా మంచి వంజరం ఇచ్చినానమ్మా ఆవిడికి. ఒక్క ఏడూ మాననేదు."

అది సంజాయిషీ అని ఆయనకూ తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన దగ్గరున్న ఊరట అదొక్కటే.

జావేద్ మొదటిసారి నోరు విప్పాడు. "దాదీ సముద్రం చేప తినేది కాదు తాతా. పీర్ దాదా పోయిన రోజు నుంచి ముట్టలేదు. మా ఇంట్లో వండేవాళ్ళమే కాదు. మీరు బాధపడతారని తీసుకునేది. సందు మొగలోనే ఎవరికో ఇచ్చేసి వచ్చేది."

ఒడ్డుకు చేరి పడవ లాగాక గంగరాజు షబ్నం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాలుగు తిట్లు తిట్టమ్మా. తిట్టి ఎల్లు."

"నేను కాగితంలో ఉన్నదే రాస్తాను తాతా. మీ పేరు పెట్టను," అంది షబ్నం. గొంతులో కోపం ఉంది, దాన్ని పెద్దాయన మీద వదలడం ఇష్టం లేక పళ్ళ బిగువున పట్టుకుంది. "నాతో చెప్పారు. కానీ చెప్పాల్సింది నాతో కాదు."

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక వన్‌టౌన్‌లో మసీదు బయట నిలబడి ఉన్న గంగరాజును జావేద్ చూశాడు. ఉతికిన పంచె, భుజం మీద తువ్వాలు. ఎందుకొచ్చాడో జావేద్ అడగలేదు. ముందు నడిచాడు. ఖబరస్థాన్ గేటు దగ్గర గంగరాజు చెప్పులు విప్పాడు.

రాళ్ళు పాతిన సమాధులు కొన్నే. మిగతావన్నీ మట్టి దిబ్బలు, గడ్డి మొలిచి, వానలకు కుంగి, ఒకదానిలాగే ఇంకొకటి. జావేద్ వేపచెట్టు దాటి నాలుగడుగులు వేశాడు. ఆగాడు. చుట్టూ చూశాడు. రెండడుగులు వెనక్కి వచ్చి ఒక దిబ్బ చూపించాడు.

"ఇదే తాతా."

"ఇదేనా బాబూ?"

"ఇదే."

ఆ రెండడుగులు వెనక్కి రావడం గంగరాజు చూశాడు. నిజంగా ఇదేనా, బాగా గురుతుందా అని మళ్ళీ అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటుగా కళ్ళు గురుతుల కోసం వెతికాయి. మసీదు మినారు ఒకటి, వాటర్ ట్యాంకు ఒకటి. వాటితో ఏం తేలుతుంది? కింద ఎవరున్నారో ఆయనకు తెలిసే దారి లేదు. చూపించినవాడి మాట నమ్మడం తప్ప గత్యంతరం లేదు. గుల్జార్ బేగానికీ అదే గతి, ముప్ఫై ఏళ్ళు. ఆవిడ మాత్రం ఒక్కసారైనా, నిజంగా ఇదేనా అని అడగలేదు.

మళ్ళీ అడిగే హక్కు తనకు లేదని గంగరాజు తల దించుకున్నాడు. జావేద్ చూపించిన చోటే మోకాళ్ళ మీద కూర్చుని, తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బేగంగారూ, నాను గంగరాజుని," అన్నాడు. "మీ అన్నయ్య ఉన్నది అక్కడ కాదండి."